వేర్డెన్ అంటే అవడం, అంతకు ముందు తిరగడం

ప్రశ్న: మేడం, మాది ఖమ్మం దగ్గర ఊరు. బీఎస్సీ నర్సింగ్ చేసి హైదరాబాద్‌లో మూడేళ్లు ఐసీయూలో పనిచేశాను. జర్మనీ వెళ్లాలని జర్మన్ నేర్చుకుంటున్నాను, ఇప్పుడు బీ-వన్ లెవెల్. వేర్డెన్ అనే క్రియ దగ్గర ఆగిపోయాను. ఒక చోట దాన్ని బికమ్ అంటారు, ఇంకో చోట విల్ అంటారు, పాసివ్‌లోకి వచ్చేసరికి దానికి సొంత అర్థమే లేదంటారు. పోనీ బికమ్ అని గుర్తుపెట్టుకుందామంటే, మాట్లాడేటప్పుడు నోటికి బెకొమ్మెన్ వచ్చేస్తోంది. మొన్న క్లాసులో ‘నేను నర్సును అవుతాను’ అనబోయి ‘నాకు నర్సు దొరుకుతుంది’ అన్నానట. అందరూ నవ్వారు. నెదర్లాండ్స్‌లో చదువుకుంటున్న మా తమ్ముడు అక్కడ వోర్డన్ అంటారంటాడు. స్వీడన్‌లో ఉన్న మా పెదనాన్నగారి అమ్మాయి తనకి ఆ మాటే వినపడలేదంటుంది. ఇదంతా ఒకటే క్రియా, వేర్వేరా? అసలు దీని అర్థం ఏమిటి? బట్టీ పట్టడం తప్ప దారి లేదా? పరీక్ష ఆరు వారాల్లో ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఖమ్మం నుంచి కొత్తగూడేనికి విజయవాడ మీదుగా వెళ్తున్నారు. జర్మన్ మాటను ముందు ఇంగ్లీషులోకి మార్చి, ఆ ఇంగ్లీషును తెలుగులో అర్థం చేసుకుంటున్నారు. చాలా మాటలకు ఆ దారి పనికొస్తుంది. వేర్డెన్‌కు మాత్రం పనికిరాదు, ఎందుకంటే ఇంగ్లీషు ఈ క్రియను ఎప్పుడో పోగొట్టుకుంది. ఒక్క మాటతో చెప్పలేక మీ పుస్తకం దాన్ని మూడు ముక్కలు చేసి మూడు పాఠాల్లో పెట్టింది. తెలుగులో దానికి సరిపోయే మాట నిక్షేపంలా ఉంది. అవు. దాని పాత రూపం అగు.

కొన్ని వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. ‘ఇష్ వేర్డె ఫ్లేగెఫాఖ్‌ఫ్రౌ’ అంటే నేను నర్సును అవుతాను. (2020 జనవరి నుంచి జర్మనీలో కొత్త నర్సింగ్ చదువుకు ఇదే అధికారిక హోదా పేరు. క్రాంకెన్‌ష్వెస్టర్ అన్న పాత మాట పెద్దవయసు పేషెంట్ల నోట ఇంకా వింటారు.) ‘ఎస్ విర్ట్ డుంకెల్’ అంటే చీకటి అవుతోంది (విర్ట్ కూడా వేర్డెన్ రూపమే). ‘మీర్ విర్ట్ ష్లెష్ట్’ అంటే నాకు అదోలా అవుతోంది, వాంతి వచ్చేలా ఉంది. ఈ చివరి వాక్యాన్ని కాస్త ఆగి చూడండి. మీర్ అంటే ‘నాకు’. ఒళ్లు తేడా చేస్తున్నప్పుడు ఇంగ్లీషువాడు ‘నేను’ అని మొదలుపెడతాడు. జర్మన్ పేషెంటూ తెలుగు పేషెంటూ మాత్రం ‘నాకు’ అని మొదలుపెట్టి ‘అవుతోంది’ అని ముగిస్తారు. ‘మీర్ విర్ట్ కాల్ట్’, నాకు చలిగా అవుతోంది. ‘మీర్ విర్ట్ ష్విండ్లిష్’, నాకు కళ్లు తిరుగుతున్నాయి. రేపు వార్డులో ఇవి రోజూ వింటారు. అప్పుడు బికమ్ అన్న మాట తలుచుకుంటే ఏమీ తోచదు. అవు అనుకుంటే పేషెంటు మాట నేరుగా లోపలికి వస్తుంది.

ఇక పాసివ్. అక్కడ దీనికి అర్థమే లేదని మీకు చెప్పినవారితో నేను ఏకీభవించను. అర్థం ఉంది, అదే అర్థం.

చాలా ఏళ్ల కిందట జర్మనీలో మా వారికి కాలు ఆపరేషన్ అయినప్పుడు తొమ్మిది రోజులు ఆయన మంచం పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం షిఫ్ట్ మారే వేళకు పొద్దుటి నర్సు వచ్చే నర్సుకు మంచం దగ్గరే నిలబడి అప్పగింత చెప్పేది. చేతిలో మడతపెట్టిన కాగితం, చెవి మీద పెన్ను. ‘వుర్డె గెవాషెన్. వుర్డె ఉమ్‌గెలాగెర్ట్. ఫెర్‌బాండ్ వుర్డె గెవెక్సెల్ట్.’ మూడు ముక్కలు, మూడింట్లోనూ వేర్డెన్ భూతకాల రూపం వుర్డె. మీరు హైదరాబాద్‌లో అదే అప్పగింత ఎలా చెప్తారో ఊహించుకోండి. స్పాంజింగ్ అయింది. పొజిషన్ మార్చడం అయింది. డ్రెస్సింగ్ అయింది. ఎవరు చేశారన్నది అక్కడా లేదు, ఇక్కడా లేదు. పని అయింది, అదే కావలసింది. స్కూల్లో మనకు కర్మణి ప్రయోగం అనగానే ‘రామునిచే రావణుడు చంపబడెను’ అని నేర్పారు. ఆ ‘బడు’తో ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఎవరు చేశారో చెప్పనక్కర్లేనప్పుడు మనం నిజంగా వాడేది అవు. పెళ్లి అయింది, భోజనాలు అయ్యాయి, రిజిస్ట్రేషన్ అయింది. వేర్డెన్ పాసివ్ ఇదే.

దీనివల్ల మీకు ఇంకో చిక్కు కూడా విడిపోతుంది. ‘డీ వుండె విర్ట్ ఫెర్‌బుండెన్’ అంటే గాయానికి కట్టు కట్టడం అవుతోంది. ‘డీ వుండె ఇస్ట్ ఫెర్‌బుండెన్’ అంటే గాయానికి కట్టు కట్టి ఉంది. అవు, ఉండు. ఇంగ్లీషులో రెండింటికీ దాదాపు ఒకే వాక్యం రాస్తారు, అందుకే ఇంగ్లీషు మీదుగా వచ్చేవాళ్లు ఇక్కడ తడబడతారు. తెలుగువాళ్లు తడబడే పనే లేదు. డాక్టరు గది గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు మొదటి వాక్యం చెప్తే ఆయన బయట ఆగుతాడు, రెండోది చెప్తే లోపలికి వస్తాడు.

‘కట్టు కట్టడం అయిపోయింది’ అనేదానికి ‘ఇస్ట్ ఫెర్‌బుండెన్ వోర్డెన్’ అంటారు. నర్సు అయ్యాను అనడానికి మాత్రం గెవోర్డెన్. ఈ గె ఒక చోట ఉండి ఒక చోట లేకపోవడం మీ పుస్తకంలో మినహాయింపు అని పెట్టి ఉంటారు. పూర్వం ఈ క్రియకు గె లేని రూపమే మామూలు. తర్వాత అన్ని క్రియలతో పాటు దీనికీ గె వచ్చి చేరింది. ఇంకో క్రియకు తోడుగా వెళ్లే చోట మాత్రం పాత రూపం అలాగే ఉండిపోయింది. పాసివ్‌లో మీరు పలికేది ఆ పాత మాటే.

భవిష్యత్తు సంగతికి వస్తే, ఇక్కడ మీరు అనవసరంగా ఎక్కువ కష్టపడుతున్నారని నా అనుమానం. జర్మన్, ఇంగ్లీషు, డచ్, స్వీడిష్ లాంటి జర్మానిక్ భాషలన్నిటి మూల భాషలో కాలాలు రెండే, జరిగినది ఒకటి, తక్కినదంతా ఒకటి. భవిష్యత్తుకు వేరే రూపం లేదు. మన తెలుగూ అంతే కదా. ‘వాడు రోజూ వస్తాడు’, ‘వాడు రేపు వస్తాడు’. ఒకే ‘వస్తాడు’. జర్మన్‌లో రెండింటికీ ‘కొమ్ట్’. ‘ఎర్ కొమ్ట్ మోర్గెన్’ అంటే చాలు, రేపు అన్న మాటే పని చేసేస్తుంది. మాట్లాడే పరీక్షలో ప్రతి రేపటి మాటకూ వేర్డెన్ తగిలించకండి, తగిలిస్తే వాళ్ల చెవికి బరువుగా ఉంటుంది.

మరి వేర్డెన్ అక్కడికి ఎలా వచ్చింది? భవిష్యత్తుకు రూపం లేని భాష ఏదో ఒక క్రియను ఆ పనికి పెట్టుకుంటుంది. మనం ‘చేయబోతున్నాను’ అంటూ పోవడాన్ని పెట్టుకున్నాం, స్టేషన్లో మైకులో ‘రానున్నది’ అంటూ ఉండడాన్ని పెట్టుకున్నాం. ఇంగ్లీషు కోరడం అనే అర్థమున్న విల్‌ను, బాకీపడడం అనే అర్థమున్న షల్‌ను పెట్టుకుంది. జర్మన్ అవడాన్ని పెట్టుకుంది. మధ్యయుగాల జర్మన్‌లో ‘అతను చూస్తున్నవాడు అవుతాడు’ అన్నట్టుగా చెప్పే పద్ధతి ఒకటి ఉండేది. అలాంటి ప్రయోగాల మీదుగానే అది మెల్లగా ‘చూస్తాడు’ అన్న అర్థంలోకి వచ్చింది. ఊహ చెప్పడానికి కూడా ఇదే వాడతారు. ‘డెర్ ఆర్ట్స్‌ట్ విర్ట్ ఇమ్ ఓపే జైన్’ అంటే డాక్టరుగారు ఓటీలో ఉండి ఉంటారు. ‘విల్’ అనుకుంటే ఈ వాక్యం రేపటిదైపోతుంది, జాగ్రత్త. అది ఇప్పటి సంగతే, చూసి చెప్పడం కాదు, ఊహించి చెప్పడం.

మీ క్లాసులో నవ్వించిన బెకొమ్మెన్ సంగతి చెప్తాను. అందులో మీ తప్పు చిన్నది, దాని వెనక కథ మాత్రం పెద్దది. బికమ్, బెకొమ్మెన్ నిజంగానే తోడబుట్టినవి. రెండింట్లోనూ ఉన్నది ‘వచ్చు’ అనే క్రియే, ముందు బె అనే ఉపసర్గ చేరింది. పాత ఇంగ్లీషులో దాని అర్థం వచ్చి చేరడం, తటస్థించడం. అక్కడి నుంచి ఇద్దరూ రెండు దారులు పట్టారు. నేను ఏ స్థితికి వచ్చి చేరానో అది ఇంగ్లీషువాడి బికమ్. నా దగ్గరికి ఏది వచ్చి చేరిందో అది జర్మన్‌వాడి బెకొమ్మెన్. రెండోది మనకు కొత్తేమీ కాదు. మనం జీతం ‘వచ్చింది’ అంటాం, ఉత్తరం ‘వచ్చింది’ అంటాం, జ్వరం ‘వచ్చింది’ అంటాం. జర్మన్‌వాళ్లు ఈ మూడింటికీ బెకొమ్మెన్ వాడతారు. ‘ఎర్ హాట్ ఫీబర్ బెకొమ్మెన్’, అతనికి జ్వరం వచ్చింది. కాబట్టి అవు అంటే వేర్డెన్, వచ్చు అంటే బెకొమ్మెన్. ఈ రెండు జతలు పెట్టుకుని బికమ్‌ను కొన్నాళ్లు మరిచిపోండి.

బెకొమ్మెన్‌కు ఇంకో వాడుక ఉంది, నర్సుకు తప్పకుండా కావాలి. ‘డాస్ బెకొమ్ట్ మీర్ నిష్ట్’ అంటే అది నాకు పడదు. ఆ కూర నాకు పడదు, ఆ మాత్ర నాకు పడదు అంటామే, ఆ పడకపోవడం. ఇక్కడ దొరకడం అని అర్థం చేసుకుంటే పేషెంటు తనకు మందు అందలేదంటున్నాడని పొరపడి ఇంకో డోసు తెచ్చే ప్రమాదం ఉంది. డెన్మార్క్‌లో భోజనం అయ్యాక ‘వెల్‌బెకొమ్మె’ అంటారు. తిన్నది ఒంటపట్టాలి అన్నట్టు. అదీ ఈ మాటే.

ఇప్పుడు మీరు అడిగిన పెద్ద ప్రశ్న, అసలు అర్థం ఏమిటని. అసలు అర్థం తిరగడం.

కార్తీక మాసం వస్తోందంటే మా అమ్మమ్మ వసారాలో కూర్చుని వత్తులు చేసేది. దూదిని సన్నటి పాయగా లాగి, వేళ్లకు కాస్త విభూది అద్దుకుని, అరచేతిలో పెట్టి తిప్పేది. రెండు తిప్పులు, మూడు తిప్పులు. నాలుగో తిప్పుకు అది దూది కాదు, వత్తి. నా చిన్నప్పుడు ఏ తిప్పు దగ్గర అది వత్తి అయిందో పట్టుకుందామని కళ్లార్పకుండా చూసేదాన్ని, ఎప్పుడూ దొరకలేదు. తిరిగింది, అయింది. ఈ క్రియ ఎలా పుట్టిందని నన్నెవరడిగినా నాకు గుర్తొచ్చేది ఆ అరచెయ్యే. వత్తి అనే మాట కూడా ఆ కుటుంబానిదే కావడం నాకు చాలా ఇష్టమైన సంగతి. సంస్కృతంలో వర్తి అంటే చుట్టినది, తిప్పి చేసినది. అది ప్రాకృతం మీదుగా మనకు వత్తిగా వచ్చింది. దాని ధాతువు వృత్, తిరుగు. జర్మన్ వేర్డెన్‌కూ సంస్కృత వర్తతేకూ లాటిన్ వెర్తెరేకూ మూలం ఒక్కటే.

ఆ మూలం నుంచి మీ ఇంట్లోకి ఎన్ని మాటలు వచ్చాయో చూడండి. గుండ్రంగా తిరిగితే వృత్తం. తిరిగి తిరిగి వస్తే ఆవర్తనం. మారితే పరివర్తన. మనిషి తిరిగే తీరు ప్రవర్తన. రథచక్రాలు అడ్డు లేకుండా తిరిగేవాడు చక్రవర్తి. లాటిన్ వైపు నుంచి మీ నర్సింగ్ పుస్తకంలోకి వచ్చినవి వర్టిబ్రా, వర్టిగో. ఒకటి వెన్నులో తిరిగే పూస, ఇంకోటి కళ్లు తిరగడం. ఆటో రివర్స్ తీస్తే అదే, రోడ్డు మీద డైవర్షన్ బోర్డు పెడితే అదే. వాట్సాప్‌లో రోజూ ఫార్వర్డ్ చేస్తామే, ఆ చివరి ‘వర్డ్’ కూడా ఇదే, ‘అటు తిరిగిన’ అని అర్థం. రష్యన్‌లో దారం వడికే కదురును వెరెతెనో అంటారు, అదీ ఈ ఇంటిదే. మీరు పనిచేసే హాస్పిటల్ వార్డు మాత్రం ఈ కుటుంబం కాదు. అది కనిపెట్టుకుని ఉండడం, కావలి కాయడం అనే వేరే మూలం నుంచి వచ్చింది.

తిరగడం నుంచి అవడానికి వెళ్లడం వింతేమీ కాదు. మనమూ ‘దశ తిరిగింది’ అంటాం. ‘పొద్దు తిరిగింది’ అంటే సూర్యుడి సంగతి చెప్తున్నట్టే ఉన్నా, మధ్యాహ్నం సాయంత్రం అవుతోందని చెప్తున్నాం.

ఈ కుటుంబంలో నాకు అన్నిటికన్నా నచ్చే జత ఒకటుంది. పాత నార్స్ (వైకింగుల కాలంనాటి స్కాండినేవియా భాష) కవిత్వంలో మనుషుల తలరాతలు నిర్ణయించే ముగ్గురు స్త్రీలు ఒక మహావృక్షం కింద బావి దగ్గర ఉంటారు. వాళ్ల పేర్లు ఉర్ద్, వెర్దాండి, స్కుల్డ్. ఉర్ద్ ఈ క్రియ నుంచే వచ్చింది, అయిపోయినది అన్నట్టు. స్కుల్డ్ షల్‌కు చెల్లెలు, జరగవలసి ఉన్నది. నడుమ ఉన్న వెర్దాండి పేరు ఈ క్రియకే వర్తమాన రూపం, అవుతూ ఉన్నది. ఇప్పుడు ఈ వాక్యంలో నేను వాడిన ‘వర్తమానం’ అనే మాటను చూడండి. అది సంస్కృతంలో ఇదే ధాతువుకు ఇదే రకం రూపం, తిరుగుతూ ఉన్నది, జరుగుతూ ఉన్నది. ఐస్‌లాండ్ కవి చెప్పిన దేవతా, మన ఐదో తరగతి వ్యాకరణంలోని కాలమూ ఒక్క మూలం నుంచే పేరు తెచ్చుకున్నాయి. మొదటిసారి ఇది తెలిసిన రోజు నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

మీ తమ్ముడూ, మీ పెదనాన్నగారి అమ్మాయీ ఇద్దరూ నిజమే చెప్పారు. 4వ శతాబ్దంలో గోతులు అనే పాత జర్మానిక్ జాతికి బైబిలును అనువదించిన భాషలో ఇది వెర్థన్. పాత ఇంగ్లీషులో వెయోర్థన్. పాత నార్స్‌లో, నేటి ఐస్‌లాండిక్‌లో, ఫారో దీవుల్లో వెర్దా. డచ్‌లో వోర్డన్, యిడ్డిష్‌లో వెర్న్, ఆఫ్రికాన్స్‌లో వోర్డ్. అంతా ఒకే క్రియ. డచ్‌లో అవడానికీ పాసివ్‌కూ వోర్డన్ ఉంది, భవిష్యత్తుకు మాత్రం వాళ్లు షల్ కుటుంబం క్రియను పెట్టుకున్నారు. కాబట్టి మీరూ మీ తమ్ముడూ ఫోన్లో వాక్యాలు పోల్చుకునేటప్పుడు మొదటి రెండు కలుస్తాయి, మూడోది కలవదు.

స్వీడన్‌లో ఏమైందంటే, హాన్సా అనే ఓడరేవుల వర్తక కూటమి కాలంలో ఉత్తర జర్మనీ నుంచి వచ్చిన, ‘లో జర్మన్’ అనే అక్కడి భాష మాటలు స్కాండినేవియా నిండా పరుచుకున్నాయి. ఓడలు, తూకాలు, బేరాలు, అన్నిట్లో ఆ భాషే. అలా వచ్చిన వాటిలో బ్లీవెన్ ఒకటి, ఉండిపోవడం అని అర్థం. జర్మన్‌లో మీరు నేర్చుకున్న బ్లైబెన్ అదే. స్వీడన్‌లో అది బ్లీ అయి, ఉండిపోవడం నుంచి అవడంలోకి జారి, పాత క్రియ వార్దాను పక్కకు నెట్టేసింది. వార్దా ఇప్పుడు పాత రాతల్లో, కొన్ని యాసల్లో దొరుకుతుంది. మీ అక్కో చెల్లో ఆవిడకు వినపడకపోవడంలో తప్పులేదు. భాషలోని అంత ముఖ్యమైన క్రియ, రోజుకు వందసార్లు నోట్లో ఆడే క్రియ, బయటి నుంచి వచ్చిన మాటకు చోటిచ్చి వెళ్లిపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇంగ్లీషులోనూ వెయోర్థన్ మధ్యయుగాల్లోనే కనుమరుగైంది. దాని నామవాచకం ఒకటి మాత్రం బతికింది. విర్డ్ అంటే తలరాత, మనిషికి అయ్యేది. షేక్‌స్పియర్ మాక్బెత్‌లోని ముగ్గురు మంత్రగత్తెలను వియర్డ్ సిస్టర్స్ అన్నది ఆ అర్థంలోనే, తలరాత చెప్పేవాళ్లని. తర్వాత ఆ ముగ్గురూ వింతగా ఉంటారు కనుక మాటకే వింత అన్న అర్థం అంటుకుంది. ఇప్పుడు కాలేజీ పిల్లలు దేన్ని చూసినా వియర్డ్ అంటున్నది అదే.

పాత జర్మన్ బైబిలు చేతికొస్తే వుర్డె ఉండాల్సిన చోట వార్ట్ కనిపిస్తుంది, కంగారు పడకండి. ‘ఎస్ వేర్డె లిష్ట్, ఉండ్ ఎస్ వార్ట్ లిష్ట్’ అని లూథర్ అనువాదం. పాతకాలంలో ఏకవచనం వార్ట్, బహువచనం వుర్డెన్. బహువచనం పోలికతో ఏకవచనం కూడా వుర్డె అయింది, వార్ట్ పాత రాతల్లో మిగిలింది. ఆ వాక్యానికి మన తెలుగు బైబిలు ఏమంటుందో మీరు వినే ఉంటారు. ‘వెలుగు కమ్మని పలుకగా వెలుగు కలిగెను.’ ఆ కమ్ము ఏమిటనుకుంటున్నారు? అగు అనే క్రియకు ఆజ్ఞారూపం. వేర్డె ఉన్న చోట మన అనువాదకులు అగునే పెట్టారు. మీకు నేను చెప్తున్న ఉపాయం వాళ్లకు ఎప్పుడో తెలుసు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే ఇలాంటివి చదవగానే ‘అన్ని భాషలూ సంస్కృతం నుంచే పుట్టాయి’ అని ఫార్వర్డ్‌లు మొదలవుతాయి. జర్మన్ సంస్కృతంలోంచి పుట్టలేదు. రెండూ ఇంకా పాతదైన ఒక తల్లికి పుట్టిన దూరపు అక్కచెల్లెళ్లు. డెన్మార్క్ పండితుడు కార్ల్ వెర్నర్ 1870ల్లో చూపించింది ఈ బంధుత్వం ఎంత సూక్ష్మమో. పాత ఇంగ్లీషులో ఈ క్రియకు భూతకాలంలో ఏకవచనానికి థ ధ్వని, బహువచనానికి డ ధ్వని ఎందుకు వస్తాయో ఎవరికీ అంతుపట్టలేదు. వైదిక సంస్కృతంలో ఇలాంటి రూపాల్లో స్వరం, అంటే పలికేటప్పుడు పడే ఊనిక, ఏకవచనంలో ధాతువు మీద, బహువచనంలో ప్రత్యయం మీద పడుతుంది. సరిగ్గా ఆ తేడానే అక్కడ థ, డ తేడాగా మిగిలిందని ఆయన పట్టుకున్నాడు. వేదం చదివేవారు కాపాడుకున్న స్వరం ఉత్తర ఐరోపాలోని ఒక హల్లు గుట్టు విప్పింది.

తెలుగు సంగతి మళ్లీ వేరు. వృత్తం, వర్తమానం, వత్తి మనకు సంస్కృత ప్రాకృతాల నుంచి వచ్చాయి. అవు మాత్రం మన సొంతం. తమిళంలో ఆగు, కన్నడంలో ఆగు, మలయాళంలో ఆకు. జర్మానిక్ భాషలకు వేర్డెన్ ఎలాగో ద్రావిడ భాషలకు ఇది అలాగ. తెలుగు సంస్కృతానికి పుట్టిన భాష కాదని, దక్షిణాది భాషలది వేరే కుటుంబమని మద్రాసులో ఎల్లిస్ దొర 1816లోనే ఆధారాలతో రాశాడు. కాబట్టి అవుకూ వేర్డెన్‌కూ చుట్టరికం లేదు. రెండూ ఒకే పని చేస్తాయి, అంతే. మీకు పరీక్షలో కావలసింది ఆ పనే. అవు ఎంత లోతుగా ఉందో ఒక్కటి చెప్తాను. మనం ఒప్పుకుంటే అవును అంటాం, ఒప్పుకోకపోతే కాదు అంటాం. రెండూ అగు రూపాలే. నోరు తెరిస్తే మనం వాడేది ఈ క్రియే.

ఈ ఆరు వారాలకు నా సలహా ఇది. రోజూ డ్యూటీ అయ్యాక, లేదా పడుకునే ముందు, ఆ రోజు ‘అయినవి’ ఆరేడు తెలుగులో రాయండి. డ్రెస్సింగ్ అయింది, ఆలస్యం అయింది, అమ్మకు చలిగా అయింది, బిల్లు కట్టడం అయింది, అన్నీ అవుతోనే ముగియాలి. తర్వాత పక్కన జర్మన్‌లో వేర్డెన్‌తో రాయండి. ఒకటి రెండు చోట్ల కుదరదు. ‘పెళ్లి అయింది’ అన్నదానికి జర్మన్‌వాళ్లు వేరేలా చెప్తారు. కుదరని వాటికి చుక్క పెట్టి టీచర్ని అడగండి. ఆ చుక్కల దగ్గర నేర్చుకున్నది బాగా నిలుస్తుంది. వచ్చింది, దొరికింది అని మీరు రాసుకున్నవాటిని వేరే కాగితం మీద బెకొమ్మెన్‌తో రాయండి. రెండు కాగితాలూ కలపకండి. ఇంగ్లీషు ఏ కాగితం మీదా రాకూడదు.

వేర్డెన్‌కే ఉన్న వ్యుర్డె అనే రూపాన్ని మాత్రం ఇప్పటి నుంచే నోటికి అలవాటు చేసుకోండి. మనం ‘కాస్త జరుగుతారా అండీ’ అన్నప్పుడు ఆ ‘అండీ’లో ఉండే మర్యాదను జర్మన్‌లో ఎక్కువగా ఇదే మోస్తుంది. బీ-వన్‌లో ఇద్దరు మాట్లాడుకునే భాగంలోనూ పనికొస్తుంది, అంతకన్నా మొదటి రోజు నుంచే మంచం పక్కన పనికొస్తుంది. ఒకే చోట పడుకుని ఉన్న పెద్దాయన వీపుకు పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి మీరు ఆయన్ని పక్కకు తిప్పాలి. దుప్పటి తీసే ముందు ఒక చెయ్యి ఆయన భుజం మీద వేసి, ‘వ్యుర్డెన్ జీ జిష్ బిట్టె ౙుర్ జైటె డ్రేయెన్?’ అని అడుగుతారు. కొంచెం ఇటు పక్కకు తిరుగుతారా అండీ?